ఉప్పూరిలో గోదావరి ఈత

మా చొప్పదండిలో సముద్రం లేదు. ఉండి ఉంటే మావాళ్లు ఈపాటికి దాన్ని కూడా ప్లాట్లు చేసి అమ్మేసేవారు. అందుకే డెబ్బై దాటిన తర్వాత సముద్రాన్ని చూడటానికి నేను స్పెయిన్ అనే దేశం దాకా పోవలసి వచ్చింది. చూడటానికి అని ఊరికే అంటున్నాను. పోయింది కాపలాకు.

నా మనుమరాలు వందన హైదరాబాదులో ఒక కంపెనీలో ఫోన్లు మాట్లాడే ఉద్యోగం చేస్తుంది. స్పానిష్ మాట్లాడే వాళ్ల ఇంట్లో బట్టలుతికే మిషన్ ఆగిపోతే, వాళ్లు ఈమెకు ఫోన్ చేసి తిడతారు. తిట్లు బాగా అర్థం కావాలంటే భాష బాగా రావాలి కదా. అందుకని కంపెనీవాళ్లే ఎండాకాలం రెండు నెలలు ఆ దేశంలోని ఒక బడికి పంపారు. చివర్లో మాట్లాడే పరీక్ష ఉంటుంది. పాసైతే పెద్ద కుర్చీ, తప్పితే ఉన్న కుర్చీకే ఎసరు.

పెండ్లి కాని పిల్లను ఒక్కదాన్నే పంపనని మా కోడలు నవనీత మొండికేసింది. ఇద్దరు ఆడవాళ్లను మొగతోడు లేకుండా పంపనని దుబాయిలో ఉన్న నా కొడుకు సంపత్ ఫోన్లోనే మొండికేశాడు. బర్రెలను విడిచి రానని నా భార్య లస్మవ్వ మొండికేసింది. నా వంతు వచ్చేసరికి టికెట్లు వచ్చేశాయి.

ఆ ఊరి పేరు నా నోట్లో తిరగలేదు. గాలి ఉప్పు, గోడలు ఉప్పు, పొద్దున లేచి పెదవులు నాకితే ఉప్పు. కాబట్టి ఉప్పూరు అని నేనే పేరు పెట్టాను. పిలార్ అనే టీచరమ్మ ఇంట్లో మూడో అంతస్తు మాది. కింది అంతస్తులో ఆమె బడి. కింద వీధి తలుపు ఎలాంటిదంటే, మనిషి బయట అడుగు పెట్టగానే దానంతట అదే మూసుకుంటుంది, తాళంచెవి లేకపోతే అయ్య వచ్చినా తెరుచుకోదు. మొదటి వారంలోనే బీడీ తాగుదామని కిందికి దిగి బయట చిక్కాను. ఆ ఊళ్లో మధ్యాహ్నం దుకాణాలు మూసి అందరూ పడుకుంటారు. ధోతీ, బనీను మీద ఒక్కణ్నే వీధిలో నిలబడ్డాను. పిలుద్దామంటే భాష రాదు, అరుద్దామంటే పరువు పోతుంది. నవనీత నిద్రలేచి కిటికీలోంచి చూసేదాకా ఆ తలుపుకు కాపలా కాశాను.

"ఇగ నువ్వు ఒక్కనివి ఎటు పోవద్దు మామా," అంది కోడలు పైకి తీసుకొచ్చి. "తప్పిపోతే నేనేమని అడగాలె వీళ్లను? ధోతి కట్టుకున్న ముసలాయన కనవడ్డడా అని గా భాషల నాకు రాదు."

"తోడుకు నన్ను తెచ్చుకున్నరా, నాకు తోడు మీరు వచ్చిండ్రా?"

"గదే సమజైతలేదు మామా," అని ఆమె నవ్వింది. తాళంచెవి మాత్రం ఇవ్వలేదు.

ఆనాటి నుంచి నా లోకం ఆ మూడో అంతస్తు బాల్కనీ. అందులో ఒక కుర్చీ పడుతుంది, కుర్చీలో నేను పడతాను, నా కాళ్లు పట్టవు. రెండు మేడల సందులోంచి సముద్రం తువ్వాలంత కనబడుతుంది. అన్ని నీళ్లు చూసి నాకేమీ సంతోషం కలగలేదు. పోసుకుంటే ఒక్క మడి తడవదు, నోట్లో పోసుకుంటే దప్పిక తీరదు. ఇంక ఆ ఒడ్డున బట్టలు లేకుండా పడుకునే జనం సంగతి నేను రాయను. మా కోడలు చదువుతుంది.

చెప్పుకోవడానికి మనిషి లేకపోవడమే నన్ను చంపింది. చొప్పదండి చాయ హోటల్లో నేను నోరు తెరిస్తే చాయ చల్లారిపోయేది. ఇక్కడ నా మాటలు పావురాలకు కూడా అక్కరలేదు. సాయంత్రం బడి అయిపోయి పైకి వచ్చే వందన ఒక్కతే వినేది. అందుకే ఒకనాడు ఆమె వచ్చి, "తాతా, రేపు క్లాసుల ఇంటి మనుషుల కత ఒకటి చెప్పాలె. నువ్వు గోదావరి దాటింది చెప్పుతా," అంటే నాకు పండుగైంది.

ఆ కథ మీకూ చెప్పాలి. నేను పడుచువాడిగా ఉన్నప్పుడు ఆసిఫాబాద్ అంగడిలో సీతాలు అనే బర్రెను కొన్నాను. తోలుకొని వస్తుంటే రాయపట్నం దగ్గర గోదావరి ఒడ్డు దాటి పారుతోంది. పడవలు కట్టేశారు. బర్రె తోక పట్టుకొని ఏరు దాటడం మా దిక్కు పశుల కాపరులకు అలవాటే. నేనూ సీతాలు తోక పట్టుకొని దిగాను. నడి గోదావరిలో దానికి సత్తువ అయిపోయి నా వైపు చూసింది. అప్పుడు నేను తోక వదిలి ముందుకు పోయి, దాని తల నా భుజం మీద వేసుకొని, ఎదురు వరదలో ఈదుకుంటూ ధర్మపురి ఒడ్డుకు చేర్చాను. ఒడ్డెక్కాక చూస్తే సీతాలు పొదుగుకు ఒక వాలుగ చేప వేలాడుతూ పాలు తాగుతోంది.

వాలుగ సంగతి వందన బడికి పోవడం మొదలుపెట్టాక నమ్మడం మానేసింది. మిగతాదంతా నమ్మింది. తండ్రి దుబాయిలో ఉంటే ఆ పిల్లను పండబెట్టింది నేను, పండబెట్టింది ఈ కథతోనే. జ్వరం వచ్చినప్పుడు నా ధోతీ కొంగు పట్టుకొని, "నేను సీతాలును, నన్ను దాటియ్యి," అనేది.

మీరు చొప్పదండికి పోయి చాడీలు చెప్పేవాళ్లు కారు కాబట్టి అసలు సంగతి కూడా చెబుతాను. సీతాలును లారీలో ఎక్కించి రాయపట్నం వంతెన మీదుగా తెచ్చాను. గోదావరి వచ్చినప్పుడు నేను నిద్రలో ఉన్నాను.

వందన క్లాసులో ఏం చెప్పిందో, ఎట్లా చెప్పిందో గానీ, మరుసటి రోజు పిలార్ టీచరమ్మ మెట్లెక్కి మా ఇంటికి వచ్చింది. వెంట ఆమె అన్న రామోన్. పడవలవాడు. నా అంత వయసు, నాకు రెండింతల పొట్ట. అతడు కూడా పడుచుతనంలో పడవ తాడు పళ్లతో కరిచి పట్టుకొని తుఫానులో ఈదుకుంటూ ఒడ్డుకు ఈడ్చుకొచ్చాడట. ఊరంతా ఏళ్ల తరబడి వింటున్న కథ అది.

పిలార్ చేతులు తిప్పుతూ చాలాసేపు మాట్లాడింది. వందన ముఖం వెలిగిపోతూ చెప్పింది: "తాతా, వచ్చే వారం ఈడ సముద్రపు తల్లి పండుగ. తల్లిని పడవల ఊరేగిస్తరు. గా రోజే మా బడికి ఆఖరు. నువ్వు, రామోన్ తాత కలిసి గా ఎర్ర డబ్బా దాక ఈదాలెనట. నేను మైకుల గోదావరి కత స్పానిష్ల చెప్పుకుంట పోవాలె. గదే నా పరీక్షనట!"

రెండు మేడల సందులోంచి చూశాను. ఒడ్డుకు చాలా దూరంగా నీళ్ల మీద ఎర్ర డబ్బా ఒకటి ఊగుతోంది.

ఇక్కడే నేను ఒక తప్పు చేశాను. మా చొప్పదండివాడు తప్ప ఇంకెవడూ చేయని తప్పు. పిలార్ అంత ప్రేమగా అడిగితే, "అట్లనే తియ్ తల్లీ, చూద్దాం," అన్నాను.

మా దగ్గర పిలిచినవాడి ముఖం మీద 'రాను' అనడం మర్యాద కాదు. పెండ్లికి పిలుస్తారు, 'అట్లనే తియ్, చూద్దాం' అంటాం. రాడని పిలిచినవాడికి తెలుసు, వాడికి తెలుసని మనకు తెలుసు, ఎవరి పరువు వారి దగ్గర ఉంటుంది. 'అట్లనే' అన్న ప్రతి పెండ్లికీ నేను పోయి ఉంటే ఈపాటికి తిని తిని చచ్చేవాణ్ని. కానీ పట్నం హాస్టల్లో పెరిగిన వందనకు ఈ మర్మం ఒంటబట్టలేదు. 'అట్లనే' అన్నంతవరకు స్పానిష్‌లోకి మార్చింది. మిగతాది బాల్కనీలో రాలిపోయింది.

పిలార్ నా రెండు చెంపలూ ముద్దు పెట్టుకుంది. కోడలు గోడ వైపు తిరిగింది. రామోన్ మాత్రం తన బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

తెల్లారేసరికి రొట్టెల దుకాణం అద్దం మీద, చేపల అంగడి గోడ మీద నా ముఖం. పక్కన రామోన్ ముఖం. నా పేరు అంతయ్య వాళ్ల నోట్లో అంతోనియో అయింది. వీధిలో పోయేవాళ్లు తలెత్తి బాల్కనీ వైపు చూసి చేతులతో ఈత కొట్టి చూపించేవారు. నేనూ చేతులూపేవాణ్ని. ఏం చేస్తాం, గూట్లో చిలక కూడా రెక్కలు ఊపుతుంది.

మీరు నాకు ఈత రాదనుకుంటారేమో. వచ్చు. మా మోటబావిలో వచ్చు. నడుముకు సొరకాయ బుర్రలు కట్టుకొని నేర్చుకున్నాం. పైనుంచి దుంకుతాం, నాలుగు బారలు వేస్తే ఎదుటి ఒర వస్తుంది, రాయి పట్టుకొని ఆగుతాం. బావి ఈత అంటే గోడ నుంచి గోడకు. సముద్రానికి గోడ ఎక్కడిది? ఎదుటి ఒర పట్టుకోవాలంటే ఆఫ్రికా దాకా పోవాలట.

సరే, తప్పించుకునే మార్గం చూసుకున్నాను. ముందు మోకాలు నొప్పి అన్నాను. పిలార్ ఏదో పసరు తెచ్చి రాసి, మోకాలికి ఉప్పునీళ్లను మించిన మందు లేదని చెప్పించింది. మోకాలు పనికిరాలేదని తెలిసి ఇంకో మెట్టు పైకి పోయాను. పండుగ రేపనగా పొద్దున్నే తలకు తువ్వాలు కట్టుకొని కుర్చీలో కూలబడి, "మనకు మైల వచ్చింది," అన్నాను.

"ఏమాయె మామా?" అంటూ కోడలు గరిట పట్టుకునే వచ్చింది.

"పాలోడు పోయిండు. ఇప్పుడే ఫోన్ వచ్చింది. మైల తీరేదాక పండుగ ముట్టద్దు, గంగల దిగద్దు."

"ఎవలు మామా? ఎవలు పోయిండ్రు?"

ఎవరు పోయారో నేను ఆలోచించుకోలేదు. నోటికి ఎవరు దగ్గరగా ఉంటే వారే వచ్చారు. "మొండయ్య," అన్నాను.

మొండయ్య నా పాలివాడు, వరుసకు తమ్ముడు, చాయ హోటల్లో నా పక్క కుర్చీ. పోయిన ఏడాదే ఇద్దరం బాసర పోయి సరస్వతమ్మను మొక్కి ఫోటో దిగాం. పాపం, మనిషి రాయిలా ఉంటాడు. నవనీత ఏడుపు అందుకుంది. "నిన్నగాక మొన్న నాకు చింతపండు పంపిండు గదా మామా!" అంటూ తల మీద నీళ్లు పోసుకోవడానికి పోయింది. ఇంటికి ఫోన్ చేస్తానంటే, అందరూ కాటికి పోయి ఉంటారు, ఇప్పుడు చేయద్దని ఆపాను. వందన నా పక్కన కూర్చొని నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి తీసుకోలేక, ఉంచలేక కూర్చున్నాను.

మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. పిలార్ కొవ్వొత్తి తెచ్చింది. రెండో అంతస్తు ఆవిడ గుడ్లూ ఆలుగడ్డలూ కలిపిన అట్టు తెచ్చింది. చేపలవాడు చేపలు తెచ్చాడు. మొండయ్య ఫోటో అడిగితే వందన బాసర ఫోటో ఇచ్చింది. దానికి చట్రం కట్టించి, బల్ల మీద పెట్టి, ముందు పూలు పెట్టారు. రామోన్ వచ్చి నన్ను కావలించుకొని అందరికంటే ఎక్కువసేపు ఏడ్చాడు. వాడి ఏడుపులో సంతోషం ఉందని అప్పుడు నాకు అనిపించలేదు, తర్వాత అనిపించింది.

ఈత పోయిందని నేను లోపల కాళ్లు చాపుకుంటుండగా పిలార్ కళ్లు తుడుచుకొని ఏదో చెప్పింది.

"తాతా," అంది వందన, "ఈడ సచ్చిపోయినోళ్ల పేరు మీద పండుగ నాడే సముద్రంల పూలు ఇడుస్తరట. నీ ఈత మొండయ్య తాత పేరు మీద పెడ్తరట. నువ్వు డబ్బా దాక పోయి పూలు ఇడువాలె."

నేను తల పట్టుకున్నాను. అందరూ దాన్ని దుఃఖం అనుకున్నారు. దుఃఖమే.

ఇంతలో మా కోడలు ఇంకో పని చేసి పెట్టింది. కొవ్వొత్తి ముందున్న మొండయ్య ఫోటోను మళ్లీ ఫోటో తీసి, చేతులు జోడించిన బొమ్మతో, అతడి పేరు మీద నా ఈత సంగతి కూడా రాసి తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. జనం ఇంకా మా ఇంట్లో అట్టు తింటుండగానే వందన ఫోన్ మోగింది. వీడియో కాల్. తెరనిండా మొండయ్య, వెనక లస్మవ్వ.

"ఓ అంతన్నా," అన్నాడు మొండయ్య, "నేనెప్పుడు సచ్చిన్నే?"

జనం తెర వైపు చూశారు, బల్ల మీద ఫోటో వైపు చూశారు, మళ్లీ తెర వైపు చూశారు.

"మంచిగనే ఉన్నవా తమ్మీ?" అన్నాను. ఇంకేం అనను?

"ఏం మంచిగ? రెండు గంటల సంది మా ఇంటికి జనం వస్తనే ఉన్నరు. మా బిడ్డ చొప్పదండి బస్టాండ్ల దిగి శోకం అందుకున్నది. నేను ఎదురువోయి గదువ పట్టుకొని, 'నేను బతికే ఉన్న బిడ్డా,' అంటే ఇంకింత ఒర్లింది. నన్నెందుకు సంపినవే?"

"ఎవలో రాంగ్ కబురు చెప్పిండ్రు తమ్మీ."

"రాంగ్ కబురు ఎవలు చెప్తరో ఊరంత ఎరుకే," అంటూ లస్మవ్వ ముందుకు వచ్చింది. "ఇంటున్నవా? ఏం పాపం చేసి గీ కత పెట్టినవ్? కోడలుపిల్ల స్టేటస్ల పెట్టింది, నువ్వు ఈత కొడతవట? గోదావరి ఈదినవని గాడ గూడ చెప్పినవా? గోదావరి నువ్వు ఎట్ల దాటినవో నాకు తెల్వదా? లారీ..."

నేను ఎర్ర గుండీ నొక్కాను. తెర ఆరిపోయింది.

వందన నా వైపు చూసింది. తర్వాత జనం వైపు తిరిగి ఏదో చెప్పింది, తప్పుడు కబురు వచ్చిందని చెప్పి ఉంటుంది. నేను తలుపు వైపు చూసుకున్నాను, తంతారేమోనని. తన్నలేదు. రెండో అంతస్తు ఆవిడ కెవ్వున అరిచి బల్ల మీది ఫోటోను ముద్దు పెట్టుకుంది. పిలార్ గుండెల మీద సిలువ గీసుకుంది. చేపలవాడు పాట అందుకున్నాడు. చచ్చిన మనిషిని సముద్రపు తల్లి తిరిగి పంపిందని వాళ్ల లెక్క. ఇప్పుడు నా ఈత ఒక మొక్కు అయింది. పండుగ ఈతనైతే ఎగ్గొట్టొచ్చు, చచ్చినవాడి ఈతను కూడా ఎట్లాగో ఎగ్గొట్టొచ్చు, మొక్కు ఎగ్గొట్టినవాణ్ని ఏ దేశంలో ఊరుకుంటారు?

జనం పోయాక వందన బాల్కనీలోకి వచ్చింది. కుర్చీ ఒక్కటే కాబట్టి గడప మీద కూర్చుంది.

"బాపమ్మ లారీ అన్నది," అంది.

"బాపమ్మకు లారీలంటే ఇష్టం."

నవ్వలేదు. "తాతా, జర ఇను. మొండయ్య తాత సంగతి ఇడిచిపెట్టు. నేను క్లాసుల చెప్పినప్పుడు టీచర్ అడిగింది, గిది కతనా, నిజమా అని. అందరు నవ్విండ్రు. నిజమే, మా తాత నాకు అబద్ధం చెప్పడు అన్న. గంతే అడుగుత. గోదావరి నిజమేనా?"

నా బతుకంతా నన్ను అందరూ 'అబద్ధాల అంతయ్య' అన్నారు, నేను తుడుచుకొని పోయాను. ఈ పిల్ల ఒక్కతే అనలేదు. ఆ పిల్ల ముఖం చూస్తుంటే, వెనక గోడ, ముందు గోడ, నడుమ నేను, అట్లా అనిపించింది. నోరు తెరిస్తే నిజం వస్తుందేమో అనుకున్నాను.

"నిజమే బిడ్డా," అంది నా నోరు. "రేపు నువ్వే చూస్తవ్ గదా."

ఆమె లేచి నా భుజం మీద చెయ్యి వేసి లోపలికి పోయింది. భుజం మీద సీతాలు తల పెట్టినంత బరువుగా ఉండిపోయింది ఆ చెయ్యి.

పండుగ నాడు ఊరంతా ఒడ్డునే ఉంది. పూలతో కప్పిన తల్లిని మొగవాళ్లు భుజాల మీద మోసుకొచ్చి పడవలో కూర్చోబెట్టారు. నీళ్లలోకి మోకాళ్లదాకా దిగి మోస్తుంటే, మా దిక్కు జాతరలు గుర్తొచ్చి నాకూ చేతులు జోడించబుద్ధైంది. "తల్లీ, మొండయ్యను ఎట్లాగూ నువ్వే బతికించినవంటున్నరు, ఇంకో ముసలోణ్ని గూడ చూసుకో," అని మొక్కుకున్నాను. తల్లి పడవ ఎర్ర డబ్బాను దాటి లోపలికి పోయింది. ఇక మా వంతు.

వందన ఎర్ర చీర కట్టుకొని, మైకు పట్టుకొని చిన్న చెక్క అరుగు మీద నిలబడింది. పక్కన బల్ల దగ్గర పిలార్ మార్కులు వేయడానికి కలం పట్టుకొని కూర్చుంది. నవనీత నా దగ్గరికొచ్చి ధోతీని గోచీగా బిగించి కడుతూ, "మామా, నీ కాళ్లు మొక్కుత, అందనంత లోతుకు పోకు," అంది చెవిలో. ఆ మాటతో కోడలికి అంతా తెలుసని నాకు తెలిసింది.

రామోన్, నేను నీళ్లలో దిగాం. జులై నెల ఎండలో కూడా ఆ నీళ్లు బోరు నీళ్ల లెక్క చల్లగా ఉన్నాయి. మోకాళ్లు దాటాయి, నడుము దాటాయి, రొమ్ము దాకా వచ్చాయి. ఒడ్డు మీద వందన గొంతు మైకులో గలగలా పారుతోంది. 'అబువేలో' అన్న మాట ఒక్కటే అర్థమైంది, అంటే తాత. నేను చేతులు బారలు చాపి ఈత కొట్టడం మొదలుపెట్టాను. కాళ్లు మాత్రం నేల మీదే ఉన్నాయి. కాలి వేళ్లతో ఇసుక పట్టుకొని నడుస్తూ పైన చేతులు ఆడిస్తున్నాను. నీళ్ల కింద ఏముందో ఒడ్డుకు ఏం కనబడుతుంది?

పక్కకు చూస్తే రామోన్ కూడా బారలు చాపి ఈదుతున్నాడు. నాలాగే ఊగుతున్నాడు, నాలాగే అడుగు అడుగుకూ ఆగుతున్నాడు. వాడి ముఖంలోకి చూశాను. వాడూ నా ముఖంలోకి చూశాడు. అబద్ధాలవాణ్ని అబద్ధాలవాడు గుర్తుపట్టడానికి ఏ భాషా అక్కరలేదు. పడవవాడు జీవితమంతా పడవలోనే ఉన్నాడు, నేను లారీలో ఉన్నాను. ఇద్దరికీ నవ్వు రాలేదు.

ఇంకో నాలుగడుగులు వేశాక నా కాలి కింద ఇసుక జారి పల్లమైంది. గడ్డం మునిగింది. అడుగు వెనక్కి వేశాను. రామోన్ కూడా ఆగాడు. ఎర్ర డబ్బా ఎంత దూరంలో ఉండేదో అంతే దూరంలో ఉంది. ముందుకు పోతే మునుగుతాం, వెనక్కి పోతే పరువు మునుగుతుంది. అక్కడే నిలబడి, ఇద్దరం ఎటూ పోని ఈత ఈదుతూ ఉన్నాం.

అప్పుడు సముద్రం ఒక పని చేసింది. గోదావరి ఎన్నడూ చేయదు అట్లాంటి పని. ఒక పెద్ద అల రాబోతూ ముందున్న నీళ్లన్నీ లోపలికి లాక్కుంది. మా చుట్టూ నీళ్లు దిగిపోయి తొడల దాకా వచ్చాయి. ఊరంతా చూస్తుండగా ఇద్దరు ముసలాళ్లం, ఒకడు గోచీలో, ఒకడు నిక్కరులో, తొడ లోతు నీళ్లలో నిటారుగా నిలబడి గాలిలో ఈత కొడుతున్నాం.

ఒడ్డున ముందు ఒకడు నవ్వాడు. తర్వాత పదిమంది. తర్వాత ఊరు.

మైకు ఆగిపోయింది. నేను తల తిప్పాను. వందన నా వైపే చూస్తోంది. ఇంత దూరానికి ముఖం తెలియదు గానీ నిలబడిన తీరు తెలుస్తుంది. జ్వరం వచ్చినప్పుడు కొంగు పట్టుకొని నిలబడే తీరు అది. పిలార్ ఆమె వైపు తిరిగి ఏదో అడిగింది. నేను చేతులు దించాను. ఇంక చాలు, బయటికి పోయి ఆ పిల్ల కాళ్ల దగ్గర కూర్చుందామని ఒక అడుగు వేశాను.

వందన అరచెయ్యి చాపింది. ఆగమని. తర్వాత ఆ అరచెయ్యిని మెల్లగా కిందికి దించింది. కూర్చోమని.

నేను మోకాళ్లు వంచాను. అల వచ్చి గడ్డం దాకా కప్పింది. రామోన్ నన్ను చూసి తానూ వంగాడు.

మైకు మళ్లీ మొదలైంది. ఇప్పుడు గలగల లేదు. మెల్లగా, ఒక్కొక్క మాట. మధ్యలో ఆగడం. ఆగి జనం వైపు చూడటం. ఎడమ చెయ్యి నడుము మీదికి పోయింది. అది నా చెయ్యి. ఆగడం కూడా నాదే. చాయ హోటల్లో నేను ఎక్కడ ఆగితే గ్లాసులు నిలిచిపోయేవో, సరిగ్గా అక్కడే ఆగుతోంది. 'గోదావరి' అంది. 'సీతాలు' అంది. నవ్వు తగ్గింది. మళ్లీ ఏదో అంది, నవ్వు పుట్టింది, ఈసారి అది మా మీది నవ్వు కాదు, చెప్పేవాళ్లు రప్పించే నవ్వు. తర్వాత అదీ పోయింది. పిలార్ కలం బల్ల మీద పెట్టేసి వింటోంది.

నేను లేవబోయాను, చలికి మోకాళ్లు కొట్టుకుంటున్నాయి. ఒడ్డు మీది నుంచి మళ్లీ అరచెయ్యి లేచింది. ఇంకా కాలేదు, అక్కడే ఉండు.

రామోన్‌కు ఆ భాష వాడి అమ్మ భాష. వాడు వింటూ వింటూ నోరు తెరిచాడు. తల తిప్పి మా వెనక సముద్రం వైపు చూశాడు, వరద ఎక్కడి దాకా వచ్చిందో అన్నట్టు. తర్వాత నీళ్ల కింద నా ముంజెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఏమంటున్నదిరా? నేను ఒడ్డెక్కిన్నా, మునిగిన్నా?" అని అడిగాను. వాడు వేలు పెదవుల మీద పెట్టుకొని నన్ను ఊరుకోమన్నాడు.

నా కథలో నేను ఒక్కసారి కూడా మునగలేదు. ఆమె కథలో ఏమవుతున్నానో నాకు తెలియదు. రామోన్ కళ్లలో నీళ్లు చూస్తే నా పని అయిపోయినట్టే ఉంది. అలలు గడ్డం దాకా వచ్చి పోతున్నాయి. పండ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఒడ్డున జనమంతా గొంతుక్కూర్చున్నారు, నా మనుమరాలు ఎక్కడా తొందరపడటం లేదు, సీతాలు ఇంకా నడి గోదావరిలోనే ఉంది.